కాటన్ దొర

ధవళేశ్వరమున ఆనకట్టకు దిగువను నిలిచి శ్రావణమాసమున గోదావరిని చూచినవారికి అది నది యని తోచదు; సముద్రమే యని తోచును. ఎఱ్ఱని వరదనీరు ఒడ్డుల నొరసికొనుచు, చెట్లను, దుంగలను తేలించుకొనుచు పరుగెత్తుచుండును. అదే చోట వైశాఖమాసమున నిలిచి చూచిన కనుచూపుమేర ఇసుక తిన్నెలును, వాని నడుమ సన్నని నీటిపాయలును మాత్రమే యుండును. ఏటేట ఇట్లు పొంగుచు, ఎండుచు నుండు నదిని లక్షలాది కుటుంబముల నిత్యజీవనమునకు ఆధారముగా మలచిన ఇంజనీరు కథ యిది. అతని పేరు సర్ ఆర్థర్ కాటన్. గోదావరి ప్రజలు మాత్రము ఆ పేరును తమ నోటికి అనువుగా మార్చుకొని కాటన్ దొర యనిరి. నేటికిని అట్లే యనుచున్నారు.

అతడు వచ్చుటకు పూర్వము ఈ మండలము ఎట్లుండెనో తెలిసికొనిన గాని అతడు చేసిన పని విలువ తెలియదు. నేడు మనము పచ్చని వరిచేలును, కొబ్బరితోటలును చూచి ఈ సీమ సృష్ట్యాదినుండియు ఇట్లే యుండె నని భావింతుము. అది పొరపాటు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున గోదావరి తీరమువంటి దరిద్రపు సీమ చెన్నపట్టణపు రాజధానిలో అరుదుగా నుండెను. ప్రక్కనే మహానది పారుచున్నను పొలమునకు బొట్టు చేరెడిది కాదు. వాన కురిసిన పంట, కురియనిచో పస్తు. వరద వచ్చినచో ఆ పంటయు నీట గలసెడిది.

1832వ సంవత్సరమున వానలు లేకపోయెను. నందన నామ సంవత్సరమున వచ్చినది గావున దానిని నందన కరువందురు. కృష్ణకు దక్షిణముననున్న గుంటూరు సీమ దానివలన మిక్కిలి నష్టపోయెను. అన్నము కొఱకు చెన్నపట్టణము దారి పట్టినవారు మార్గమధ్యముననే కూలిపోయిరి. గోదావరి మండలమును కరువు విడువలేదు. కొలది యేండ్లకే, 1839లో, తుపాను వచ్చి సముద్రము పొంగి కోరంగి రేవును, దాని చుట్టునున్న పల్లెలను ముంచివేసెను. ఒక సంవత్సరము నీరులేక చావు, మరియొక సంవత్సరము నీరెక్కువై చావు. 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన రాజమహేంద్రవరపు మండల జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఇరువదియేండ్లలో జనులు పెరుగుటకు మారుగా నలుగురిలో ఒకరి చొప్పున తరిగిపోయి రన్నమాట. కొందరు చనిపోయిరి, కొందరు ఊళ్ళు విడిచి పోయిరి.

ఈ దురవస్థకు ప్రకృతి యొక్కటియే కారణము కాదు. నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెమునను, ఇంజరమునను నేసిన వస్త్రములు ఒకప్పుడు ఓడలపై ఐరోపాకు పోయెడివి. మాధవాయపాలెము పేరు ఆంగ్లేయుల నోట మారి ఒక జాతి వస్త్రమునకే పేరయ్యెను. తరువాత ఇంగ్లండులో ఆవిరి యంత్రములతో నడచు మగ్గములు వచ్చినవి. యంత్రపు గుడ్డ చౌక. ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడి గుడ్డ కొనుట మానివేసిరి. వేలకొలది సాలెకుటుంబముల కంచములు ఖాళీ యయ్యెను. విజ్ఞానశాస్త్రము మానవునకు చేసిన మేలునుగూర్చి చెప్పునపుడు ఈ సంగతిని దాచుట న్యాయము కాదు. ఒక దేశపు యంత్రము మరియొక దేశపు కూటిని హరించిన సీమలోనికే వేఱొక విద్య నెఱిగిన ఆంగ్లేయుడు వచ్చెను.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో అతడు పదవవాడు. పెద్ద సంసారము, పిల్లలు త్వరగా తమ కాళ్ళపై తాము నిలువవలసి యుండెను. పదునైదవ యేట అతడు ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కంబు సైనిక విద్యాలయమున చేరి ఇంజనీరు విద్య నభ్యసించెను. 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఓడయెక్కి చెన్నపట్టణము చేరెను. మొదట పాంబను జలసంధిని ఓడల రాకపోకలకు అనువు చేయు పనిలో నుండెను. బర్మా యుద్ధమున పాల్గొనెను. అటుపిమ్మట అతనికి కావేరీ నది సంగతులు చూచు పని లభించెను. అతని నిజమైన విద్యాభ్యాసము అక్కడనే మొదలయ్యె నని నా యభిప్రాయము.

శ్రీరంగమునకు ఎగువను కావేరి రెండుగా చీలును. ఒక పాయ కావేరియే, రెండవది కొల్లడము. కొల్లడము పల్లమున పారుటచే నీరంతయు దానిలోనికే జారి వృథాగా సముద్రమున గలియుచుండెను. కావేరి పాయ యిసుకతో పూడి, తంజావూరు పొలములు ఎండుచుండెను. కొల్లడమునకు అడ్డుకట్ట వేయవలెను. కాని ఎట్లు? నది యడుగున రాతినేల లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఇసుకపై గోడ కట్టినచో నీరు దాని క్రిందుగా తొలుచుకొని పోయి గోడను కూల్చునని నాటి ఇంజనీర్ల భయము.

ఆ సమీపముననే కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధిగాంచిన కల్లణ యను ప్రాచీనమైన ఆనకట్ట యుండెను. అది వేయేండ్లకు పైగా ఇసుకపైననే నిలిచియుండెను. కాటన్ దానిని శ్రద్ధగా పరిశీలించెను. పూర్వులు ఇసుకపై పెద్ద పెద్ద రాళ్ళను పడవైచిరి. అవి కొంత దిగిపోయెను. వానిపై మరికొన్ని వైచిరి. అవియు దిగెను. రాళ్ళు ఇక దిగని స్థితి వచ్చువరకు ఓపికతో వైచుచునే పోయి, పిమ్మట వానిపై కట్టడము కట్టిరి. వదులైన ఇసుకలో పునాది నిలుపుట ఎట్లో తాను ఈ పేరు తెలియని శిల్పులవద్దనే నేర్చితినని కాటన్ తరువాతికాలమున దాపరికము లేక చెప్పుకొనెను. పాలించుజాతివాడు పాలింపబడుజాతివారిని గురువులుగా అంగీకరించుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. 1836 నాటికి కొల్లడముపై ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట లేచినవి. తంజావూరు మరల ధాన్యాగార మయ్యెను.

ఆ పనుల శ్రమతో అతని ఆరోగ్యము చెడెను. సెలవుపై ఆస్ట్రేలియా వైపు పోయి, 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను నామెను వివాహమాడి తిరిగి వచ్చెను. విశాఖపట్టణమున సముద్రము తీరమును కోయకుండ రాతిగట్లు వేయించెను. ఒక క్రైస్తవ దేవాలయమును నిర్మించెను. ఇవి చిన్న పనులు. ఇంతలో రాజమహేంద్రవరపు మండలము నుండి ప్రభుత్వమునకు రావలసిన శిస్తు రాక, కారణము విచారింపుమని సర్ హెన్రీ మాంట్‌గోమరీ అను నధికారిని పంపిరి. ఆయన 1844లో మండలమంతయు నాశనమగుచున్నదని తెలిపి, కాటన్ సూచించిన మార్గమే శరణ్యమని వ్రాసెను. కంపెనీవారి కన్ను శిస్తుపై నుండెను. ఈ మాట మరువరాదు. ఆకలిచావులు పదియేండ్లుగా కలిగింపని చలనమును ఖజానాలోని వెలితి కలిగించెను.

కాటన్ గోదావరి సీమ నంతయు తిరిగి కొలిచెను. అప్పుడు అతడు గ్రహించిన విషయమును విద్యార్థులు చక్కగా తెలిసికొనవలెను. సామాన్యముగా మనము నది పల్లమున, పొలము మెరకన ఉండునని తలంతుము. నది సముద్రమును సమీపించిన చోట ఆ క్రమము తారుమారగును. వేలకొలది యేండ్లుగా నది వరదతో తెచ్చిన ఒండ్రును తన ప్రక్కలనే వేయుచు వచ్చుటచే, ఒడ్డు ప్రక్కనున్న నేల ఎత్తుగా పెరుగును. నదికి దూరమైన కొలది నేల పల్లమగును. కావున నది నీటిని ఒడ్డు మట్టమునకు ఒక్కసారి ఎత్తగలిగినచో చాలును. అక్కడి నుండి కాలువల మార్గమున అది తనంతట తానే పొలములకు పోవును. ఏతము వలదు, కపిల వలదు, ఆవిరి యంత్రము వలదు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండినపుడు ఒకసారి ఎనిమిదవ తరగతి విద్యార్థులను ధవళేశ్వరమునకు తీసికొని పోయితిని. అక్కడి కాటన్ ప్రదర్శనశాలలో పాత ఆనకట్ట ఎత్తు పండ్రెండడుగు లని విని ఒక బాలుడు నవ్వెను. మా యింటి ప్రహరీగోడ కంటె కొంచెమే యెక్కువ గదా, అది గోదావరిని ఎట్లాపెను అని అతని సందేహము. ఆ సందేహము చాల మంచిది. ఆనకట్ట గోదావరిని ఆపలేదు, ఆపుటకు కట్టలేదు. వరదకాలమున నది దానిపై నుండి దూకి పోవును. వరద తీసిన పిమ్మట పారు తక్కువ నీటిని మాత్రము అది కాలువల ముఖద్వారముల యెత్తునకు లేపును. మహాబలముతో వచ్చునపుడు త్రోవ విడిచి, నెమ్మదించినపుడు పని చేయించుకొనుట ఆ గోడ చేయు పని. ఎత్తుగా కట్టియుండినచో మొదటి వరదకే పోయెడిది. ఈ మాట చెప్పిన పిమ్మట ఆ బాలుడు ఆనకట్ట నమూనాను చుట్టి చుట్టి చూచుచుండెను.

1844లో, 1845లో కాటన్ ప్రభుత్వమునకు నివేదికలు పంపెను. తంజావూరు లెక్కలు చూపి, పెట్టిన ధనము పలురెట్లుగా తిరిగి వచ్చునని వాదించెను. 1846 చివర అనుమతి లభించెను. అతడు కోరినది అనుభవజ్ఞులైన ఇంజనీర్లను, వేలకొలది తాపీపనివారిని. ప్రభుత్వ మిచ్చినది పని నేర్పవలసిన ఒకరిద్దరు యువకులను, కొద్దిమంది కొలతగాండ్రను. అయినను వెనుదీయక 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభించెను.

అచ్చట నది నాలుగు పాయలుగా, నడుమ మూడు లంకలతో నుండును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అనునవి ఆ నాలుగు భాగముల పేర్లు. ఒడ్డునుండి ఒడ్డునకు దూరము దాదాపు నాలుగు మైళ్ళు. అందు కట్టవలసిన గోడ రెండుంబావు మైళ్ళు. కావేరిపై కట్టిన కట్టడములు దీనిముందు పిల్లచేష్టలు. ఏటికి ఆరు నెలలకు మించి పని సాగదు. వరద వచ్చుసరికి కట్టినంతవరకు గట్టిపరచి చేతులు ముడుచుకొని కూర్చుండవలెను.

ధవళేశ్వరము కొండను పగులగొట్టి రాళ్ళు తీసిరి. వానిని నదిలోనికి చేర్చుటకు ఇనుపపట్టాలు పరచి, వానిపై బండ్లను దొర్లించిరి. బొంబాయి నుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచినది 1853లో. అంతకు కొన్ని సంవత్సరములకు ముందే గోదావరి ఒడ్డున పట్టాలపై రాళ్ళు ప్రయాణము చేసెను. పనిముట్లు చేయుటకు, బాగుచేయుటకు ధవళేశ్వరముననే ఒక కర్మశాల వెలసెను. కమ్మరులు, వడ్రంగులు, వడ్డెరలు, సున్నము కాల్చువారు, పడవలవారు, తట్టలు మోయు స్త్రీలు, వేలకొలది జనము అక్కడ చేరెను. కరువున కూలి దొరకని జనమునకు ఆ పనియే అన్న మయ్యెను. ఇంతమందిని సమకూర్చి పని చేయించుటలో కాటన్‌కు వీణెం వీరన్న అను తెలుగువాడు కుడిభుజముగా నుండెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. దొర పేరు విగ్రహములపై నిలిచెను. తట్టలు మోసిన వారి పేర్లు ఏ రాతిపైనను లేవు.

గోడ కట్టిన విధానమున కావేరి గురువుల పాఠము కనబడును. ఇసుకలో బావులు దింపి, వానిని నింపి, వానిపై గోడ లేపిరి. గోడకు దిగువ ప్రక్కన రాళ్ళను ఏటవాలుగా దూరము వరకు పరచిరి. దుమికిన నీరు ఇసుకను తొలిచిన, ఆ రాళ్ళు అక్కడి గోతిలోనికి జారి దానిని తామే పూడ్చును. ప్రతి వరద తరువాతను మరికొన్ని రాళ్ళు చేర్చుచుండవలెను. కాలువ ముఖములు పూడిపోకుండ ఇసుకను దిగువకు నెట్టివేయు తూములు అమర్చిరి.

ఎండలో తిరుగుటచే 1848లో కాటన్ దేహస్థితి మరల క్షీణించెను. పని విడిచి ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చెను. కెప్టెన్ ఓర్ అను ఇంజనీరు పనిని నిలువనీయక సాగించెను. ఖర్చు అంచనాను మించిపోయెను. ప్రభుత్వము ప్రతి రూపాయికిని సంజాయిషీ కోరుచుండెను. పై యధికారులకు సమాధానము లిచ్చుటయందు పోయిన కాలము నదితో పెనగులాడుటలో పోయినదానికి తీసిపోదని అతని జీవితమును చదివినవారికి తోచును. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ సమయముననే హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమువద్ద వైనతేయ పాయపై నలుబదితొమ్మిది కమానులతో ఒక వంతెన కట్టెను. దానిపై నడుచునది మనుష్యులు కాదు, కాలువ. క్రింద నది, పైన కాలువ. నదిని దాటి లంకలోని పొలములకు నీరు పోయెను. అదే దశాబ్దమున బెజవాడవద్ద కృష్ణపై ఓర్ ఆనకట్ట కట్టెను.

ఇక ప్రజల దినచర్య ఎట్లు మారెనో చూడుడు. కాలువ తవ్విన మొదటి యేండ్లలో రైతులు జంకిరి; క్రొత్త నీటికి క్రొత్త పన్ను గదా. క్రమముగా మెట్టపైరుల చేలు మాగాణు లయ్యెను. సార్వా పంటకు తోడు నీరున్న చోట్ల దాళ్వాయు పండించిరి. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా కలిసి కాలక్రమమున సుమారు పది లక్షల యెకరములు సాగులోనికి వచ్చెను. నిత్యము వరియన్నము తినుట సామాన్య గృహములకు సాధ్యమయ్యెను. త్రాగునీటి సంగతి అంతకంటె ముఖ్యము. సముద్రతీర గ్రామములలో బావి త్రవ్వినచో ఉప్పునీరు పడును. కాలువ వచ్చిన పిమ్మట ఆ యూళ్ళ చెరువులను కాలువ నీటితో నింపుకొనసాగిరి. వేసవిలో కాలువ కట్టివేయుటకు ముందు చెరువు నిండెనా లేదా అనునదియే ఊరివారి చింత. ఆ చెరువు నిండిన యెడల ఆడువారికి బిందెలతో క్రోసులకొలది నడచు బాధ తప్పెడిది.

కాలువ దారియు నయ్యెను. మట్టిబాటలు వానకాలమున బండి చక్రమును మ్రింగివేయుచుండిన సీమలో, తెరచాప యెత్తియో, గట్టుపై నుండి త్రాటితో లాగియో పడవలను నడపిరి. నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూసి నీటిని దించి ముందు తలుపు తెరతురు; పడవ మెట్టు దిగినట్లు క్రిందికి దిగును. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. తరువాత బకింగ్‌హాం కాలువయు తోడగుటచే కాకినాడలో పడవ యెక్కినవారు చెన్నపట్టణము వరకు నీటిమీదనే పోగలిగిరి. ధాన్యము, ఉప్పు, కలప, కొబ్బరికాయ, పెండ్లివారు, ఉత్తరములు అన్నియు పడవలపైననే. మా మాతామహి కాపురమునకు వచ్చినది పడవమీదనే. లాకువద్ద పడవ ఆగినపుడు గట్టున అటుకులు కొని తిన్న సంగతిని ఆమె ముదిమివరకు చెప్పుచుండెడిది.

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమును ఘోరమైన కరువు పీడించెను. బళ్ళారి, కర్నూలు, కడప సీమలలో జనులు లక్షలుగా నశించిరి. నందన కరువులో కుప్పగూలిన కోస్తా ఈసారి నిలిచెను. గోదావరి, కృష్ణా డెల్టాలు తమ ప్రజలను పోషించుకొనుటయే గాక కరువు సీమలకు ధాన్యమును పంపెను. నలువదియైదేండ్ల యంతరమున జరిగిన ఈ రెండు కరువులను ప్రక్క ప్రక్కన నిలిపి చూచినచో, ఆ పండ్రెండడుగుల గోడ యెత్తు తెలియును.

కాటన్ 1860లో ఉద్యోగము చాలించి స్వదేశమునకు పోయెను. 1861లో అతనికి సర్ బిరుద మిచ్చిరి. విశ్రాంతి తీసికొను స్వభావము అతనికి లేదు. భారతదేశ మంతటను నదులను కాలువలతో కలుపవలెనని, రైలుమార్గములపై పెట్టు ధనమును నీటిపై పెట్టవలెనని నలువది యేండ్లు వాదించెను. రైలు ధాన్యమును మోయును గాని పండింపదు గదా అను అతని వాదములో బలము కలదు. అయితే రైలు విషయమున అతడు మొండిగా నుండె ననకతప్పదు. కరువు కాలమున ఒక సీమ ధాన్యమును మరియొక సీమకు వేగముగా చేర్చినది రైలే. పైగా అన్ని నేలలును డెల్టాలు కావు. అతని ప్రోద్బలముతో తుంగభద్రపై సుంకేసులవద్ద నుండి కర్నూలు, కడప సీమలకు త్రవ్విన కాలువ చాలకాలము నష్టములనే తెచ్చెను. అక్కడి నల్లరేగడి రైతులు మెట్టపైరులకు అలవాటుపడినవారు. పన్ను కట్టి నీరు తీసికొనుటకు వారు ముందుకు రాలేదు. కాలువ త్రవ్విన కంపెనీ నిలువలేక 1882లో దానిని ప్రభుత్వమునకు విక్రయించెను. ఒకచోట సరిపోయిన విద్య మరియొకచోట అట్లే సరిపోవునని నమ్ముట అతని లోపము. ఆ కాలువయే తరువాతి తరములలో ఆ సీమకు ఉపయోగపడుట వేఱు సంగతి.

డెల్టాలోను అంతయు సుఖమే యని చెప్పజాలము. నీరు తెచ్చుటపై పెట్టిన శ్రద్ధ దానిని బయటికి పంపుటపై పెట్టకపోవుటచే పల్లపు భూములలో మురుగు నిలిచి పంట మునుగు బాధ నేటికిని కలదు. కాలువ గట్టునకు ఆవలనున్న మెట్ట గ్రామములవారు ఈవలి పచ్చదనమును చూచుచు ఎన్నో యేండ్లు గడపిరి.

1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట కాటన్ నిలిచి తన వాదమును వినిపించెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుని మాట అంతగా చెల్లలేదు. అతడు డార్కింగ్ అను ఊరిలో స్థిరపడి, ఇంటి తోటలో చిన్న మడులు చేసికొని, నేలను లోతుగా త్రవ్వినచో గోధుమ ఎంత యధికముగా పండునో పరీక్షించుచుండెను. తొంబదియేండ్లు దాటిన పిమ్మటను ఆ మడులను చూచుట మానలేదు. 1899 జూలై నెలలో, తొంబదియారవ యేట మరణించెను. మరుసటి యేట అతని కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితమును గ్రంథముగా ప్రకటించెను.

ధవళేశ్వరపు పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా గోదావరి వరదలను తలదాల్చెను. అది జీర్ణింపగా దాని స్థానమున క్రొత్త బారేజి కట్టి 1982 నాటికి పూర్తిచేసిరి; దానికి కాటన్ పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో వచ్చిన మహావరద ఆ బారేజికి గట్టి పరీక్ష యయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశమున ఎందరో ఆంగ్లేయుల విగ్రహములను తొలగించిరి. గోదావరి పల్లెలలో మాత్రము రైతులు చందాలు వేసికొని ఈ దొర విగ్రహములను క్రొత్తగా నిలుపుకొనిరి. కొన్ని యూళ్ళలో అతడు గుఱ్ఱముపై నుండును. ఏటేట మే 15వ తేదీన ఆ మెడలో పూలదండ పడును. మరికొన్ని దినములకు బారేజివద్ద తలుపులెత్తి కాలువలకు నీరు వదలుదురు. ఎండిన కాలువ గర్భమున ఆ నీరు నురుగులు గ్రక్కుచు, ఆకులను, పుల్లలను ముందునకు నెట్టుకొనుచు వచ్చును. గట్టున పిల్లలు దానితో పోటీగా పరుగెత్తుచు నీరు వచ్చెనని కేకలు వేయుచు ఊరిలోనికి పోవుదురు.